మేడ మీది అర్హత

1971 జూన్‌లో, తెనాలిలో ఉపాధి శాఖ జూనియర్ అధికారిగా ఉన్న నన్ను ఒక్కరోజు క్యాంపు మీద బాపట్ల పంపారు. రేపల్లెలో వికలాంగులకు కుట్టుపని కేంద్రం తెరుస్తున్నారు. పగలంతా పని నేర్పి, శిక్షణ పూర్తయ్యాక ఒక చేతిమిషను ఇచ్చి పంపుతారు. ఎవరు అర్హులో తేల్చడానికి ఒక ఎంపిక సంఘం వేశారు. అధ్యక్షులు ఒక డిప్యూటీ కలెక్టరు గారు. వైకల్యం నిర్ధారించడానికి ఒక డాక్టరు గారు. ఫైళ్లు మోయడానికి నేను.

సంఘం ఒక అద్దె మేడ పైఅంతస్తులో కూర్చుంది. కింద గాలి ఆడదని అధ్యక్షులవారి అభిప్రాయం. మెట్లు నిటారుగా, ఒక్క మనిషి పట్టేంత ఇరుకుగా ఉన్నాయి.

నిబంధనలు రెండు. అభ్యర్థి సంఘం ముందు స్వయంగా హాజరు కావాలి. వైకల్యం పనికి అడ్డొచ్చేంత ఉండాలి, కాని శిక్షణకు రాలేనంత ఉండకూడదు.

మొదట జంపని నుంచి ఒకాయన ఊతకర్రతో, చెమటలు కక్కుతూ పైకి వచ్చాడు. "ఇన్ని మెట్లెక్కిన మనిషికి లోపం ఏంటండీ?" అన్నారు డాక్టరు గారు. అనర్హుడు. తర్వాత పిలిచిన ఇద్దరూ ఎక్కలేక కిందే ఉండిపోయారు. గైర్హాజరు. మధ్యాహ్నం దాకా మా సంఘం ఒక్క నిబంధనా మీరలేదు, ఒక్కరినీ ఎంపిక చేయలేదు.

చివరి పేరు పిట్టలవానిపాలెం సువార్తమ్మది. పాతికేళ్లుంటాయి. చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. తమ్ముడు పైకి వచ్చి, ఎత్తుకొస్తానని బతిమాలాడు. ఇక్కడ చోటు దొరక్కపోతే అక్కకు బతుకుతెరువు లేదన్నాడు. మోసుకొస్తే స్వయంగా హాజరైనట్టు కాదని అధ్యక్షులవారు తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. కాని నా హోదాకు అలా మండే అధికారం లేదు.

భోజనాల వేళ క్యారేజీలు వచ్చి కింది గదిలో దిగాయి. ముందు దిగుతున్న అధ్యక్షులవారు ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోయారు. తమ్ముణ్ణి సోడా తెమ్మని పంపేసి, సువార్తమ్మ ఆ మెట్టుకు అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుంది. మా వైపు మనిషిని దాటి ఎవరూ వెళ్లరు, అందులోనూ ఆడపిల్లను. పొద్దుటి నుంచి అందరినీ తిప్పి పంపడానికి జంకని పెద్దమనిషి అక్కడ జంకారు.

"కాస్త జరుగమ్మా" అన్నారు.

"జరగలేనండి. అందుకేగా వచ్చాను."

డాక్టరు గారికి నవ్వు ఆగలేదు. అధ్యక్షులవారు మెట్టు మీదే నిలబడి, కడుపులో ఆకలి నకనకలాడుతుండగా, ఇంటర్వ్యూ మొదలుపెట్టారు. రోజూ కేంద్రానికి ఎలా వస్తావని అడిగారు.

"రేపల్లెలో మా పిన్ని ఇంట్లో ఉంటానండి. కేంద్రం పక్క వీధేనండి. మేడ కాదండి, చూసొచ్చాను."

కుట్టగలవా అంటే, చేతిమిషనుకు కాళ్లెందుకండీ అంది. ఒంటి మీది రవిక తను కుట్టుకున్నదేనని చూపించింది. అర్హురాలు. కిందే మిగిలిన ఆ ఇద్దరినీ అక్కడే చూసి తీసుకున్నారు. జంపని ఆయన కోసం బంట్రోతును పరుగెత్తించాను. ఆయన అప్పటికే బస్సెక్కి వెళ్లిపోయాడు.

తర్వాత తెనాలిలో నేను పెట్టిన క్యాంపులన్నిటికీ బల్ల వరండాలోనే వేయించాను. అర్హులు పెరిగారని పైఅధికారులు నన్ను మెచ్చుకున్నారు. వచ్చేవాళ్లు ఎప్పటివాళ్లే. అర్హత సగం అభ్యర్థిలో ఉంటుంది, మిగతా సగం అధికారి కుర్చీ వేసుకున్న చోట ఉంటుంది. నా సర్వీసులో నేను నేర్చుకున్న నిబంధన ఇదొక్కటే, ఇది ఏ జీవోలోనూ లేదు.