రంజన్ మీద కాపలా

మా తొండుపల్లి మీద విమానాలు కొత్తగా ఎగురుతున్న ఆ ఎండాకాలం, మా బాపుకు కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు పట్నం దవాఖానకు పోయి రక్తం శుభ్రం చేయించుకోవాలి. నీళ్లు రోజుకు చెంబెడు మించితే ఒంట్లో నిలిచి ఊపిరాడదని డాక్టరు చెప్పాడు.

అమ్మ కొత్తూరు ఫ్యాక్టరీకి పోతూ, నాలుగో తరగతి చదివే నన్ను కాపలా పెట్టింది.

"బాపు తన వంతు తాగిండు. ఎంత బతిలాడినా ఇంక నీళ్లియ్యకు. ఇచ్చినవనుకో, సచ్చిపోతడు."

అంతే చెప్పి వెళ్లింది. పగవాడొచ్చినా ముందు మంచినీళ్లివ్వాలని నాకు నేర్పింది కూడా ఆమే.

బాపు మంచం మీద కూర్చొని, మూలనున్న రంజన్, ఆ మంచినీళ్ల మట్టికుండ వంకే చూసేవాడు. ఆయన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. నేను కదిలితే లేచి తాగుతాడని ఆటలకు పోలేదు. పిలవడానికొచ్చిన పిల్లల్ని రాళ్లతో కొట్టి తరిమేదాన్ని. ఒకసారి ఒక పిల్ల నుదురు చిట్లి నెత్తురు కారింది.

"గంత పొగరేందే నీకు?" అని వాళ్లమ్మ తిట్టిపోసింది.

అది పొగరు కాదు, భయం. ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియలేదు.

ఒక మధ్యాహ్నం నా కన్ను అంటుకుంది. చప్పుడుకు లేచేసరికి బాపు రంజన్‌లో చెంబు ముంచుతున్నాడు. ఎగిరి, దవాఖాన సూదుల కట్టున్న చేతిని వదిలి రెండో చేతిని కసిగా కొరికాను. చెంబు పడిపోయింది. అయినా నా కోపం చల్లారలేదు. రోకలి ఎత్తి రంజన్‌ను బద్దలు కొట్టాను.

"సావు! నువ్వు తాగి సస్తే నేను సంపినట్టే గదా!" అని గొంతు చించుకుని అరిచాను.

సాయంత్రం అమ్మ వచ్చి ఆ పెంకులు చూసింది. ఏమైందని కూడా అడగకుండా నన్ను జుట్టు పట్టి ఈడ్చి, వీపు వాచేలా కొట్టింది. బాపు అడ్డం వచ్చాడు. ఆయన చేతి మీద నా పళ్ల గాట్లు ఎర్రగా ఉన్నాయి.

"దాన్ని కొట్టకు. తప్పు మనది. పసిపోరిని నా సావుకు కాపలా పెట్టినం."

అమ్మ నన్ను వదిలేసి గోడకు ఆని కూలబడింది.

బాపు నా ముఖం పట్టుకుని పెదాలు చూశాడు. ఎండి పగిలిపోయి ఉన్నాయి.

"నువ్వు నీళ్లెప్పుడు తాగినవ్ బిడ్డా?"

ఆయన ముందు తాగలేక, పక్కింటి పెరట్లో నల్లా దగ్గర దొంగచాటుగా రెండు గుక్కలు మింగి వచ్చేదాన్ని.

పక్కింటి నుంచి అమ్మతో నిండు గిలాస నీళ్లు తెప్పించాడు.

"నా ముంగట తాగు. నాకేం గాదు."

ఏడుస్తూనే తాగాను. నేను గుటక వేసినప్పుడల్లా ఆయన గొంతు కూడా కదిలింది. గిలాస ఖాళీ అయ్యాక, ఎండిన పెదాలతో నవ్వి అడిగాడు:

"ఇంకో గిలాస తాగుతవా?"