తళిగ నాడు మత్తు

ఒళ్ళు తెలియని మనిషి ఊపిరిని కనిపెట్టుకుని ఉండటమే కుముదవల్లి ఉద్యోగం. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె అనస్థీషియా టెక్నీషియన్. మత్తు ఇచ్చేది డాక్టరు. ఆ డాక్టరు చెయ్యి చాచిన క్షణంలో కావలసింది అందించడం, అంతకు ముందే ఆక్సిజన్ సరిగా వస్తోందా, గొంతులో చేరినదాన్ని లాగేసే సక్షన్ పైపు పనిచేస్తోందా అని చూసి పెట్టుకోవడం ఈమె పని. రోగులకు ఈ తేడాలు పట్టవు. పుత్తూరు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఆమెను "మత్తమ్మా" అని పిలిస్తే, థియేటర్లో వాళ్ళంతా ఆ పేరునే ఖాయం చేశారు, అది చిత్తూరు దాకా పాకింది.

నాయన యతిరాజులు దేవస్థానం ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కూతురు టీచరు కావాలని ఆయన కోరిక. ఆమె పదో తరగతిలో ఉండగా కడుపునొప్పికి ఆపరేషన్ చేశారు. మత్తిస్తూ అంకెలు లెక్కపెట్టమంటే నాలుగు దాకా లెక్కపెట్టింది. కళ్ళు తెరిచేసరికి గంటన్నర గడిచిపోయింది. ఆ గంటన్నర ఎక్కడికి పోయిందో తెలుసుకోవాలని పట్టుపట్టి ఈ చదువులో చేరింది. తొమ్మిదేళ్ళ సర్వీసులో చెయ్యి వణికిన రోజు లేదు. ఇంట్లో మాత్రం వేరే మనిషి. నాలుగేళ్ళ కూతురు వేదిక నిద్రపోతుంటే ఇప్పటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు పనిచేసే మొగుడు శేషసాయి, "దానికి ఒక మానిటర్ కూడా తగిలించు, పని అయిపోతాది" అని ఎగతాళి చేస్తాడు.

అటువంటి మనిషిని హార్స్‌లీ కొండ మీద రెండు రోజుల శిక్షణకు ఆసుపత్రి వాళ్ళు పంపారు. మత్తు డాక్టర్లు, టెక్నీషియన్లు ఏడాదికొకసారి కూర్చుని, చేసిన తప్పులు చెప్పుకుని, కొత్త పద్ధతులు నేర్చుకునే సమావేశం అది. వెళ్ళకపోతే సర్టిఫికెట్టు రాదు. కాకపోతే అది తమిళుల పెరటాసి నెలలో మూడో శనివారం. ఇంట్లో తళిగ పెట్టాలి. ఆకు పరిచి, చక్కెర పొంగలి, పులిహోర, వడలు పెరుమాళ్ స్వామికి చూపించి గోవిందలు కొట్టే రోజు.

"నువ్వు పోమ్మా," అన్నది అత్త పంకజాక్షి. "నువ్వు పుట్టకముందు నుంచి తళిగ పెడతా ఉండా. నీ బిడ్డను నేను చూసుకోలేనా ఏంది?"

ఆ చివరి మాటకు ఎదురు చెప్పలేక కుముదవల్లి శుక్రవారం సాయంత్రమే కొండెక్కింది.

శనివారం పొద్దున నీలగిరి చెట్ల మధ్య రిసార్టు హాల్లో బల్లల మీద రబ్బరు బొమ్మలు పడుకోబెట్టారు. బొమ్మ గొంతులో గొట్టం వేయాలి. చిత్తూరు నుంచి వచ్చిన పాల్ అనే టెక్నీషియన్ బొమ్మ బుగ్గ తట్టి, "ఈయప్ప శానా మంచోడబ్బా. పన్ను ఊడగొట్టినా గొడవ చెయ్యడు" అన్నాడు. అందరూ నవ్వారు. కుముదవల్లి నవ్వలేదు. హాల్లో ఫోను సిగ్నల్ లేదు. భోజనాల గది వెనకాల బండ ఎక్కితేనే వస్తుంది. విరామం ఇచ్చిన ప్రతిసారీ ఆమె బండెక్కి ఇంటికి ఫోన్ చేస్తోంది.

పన్నెండూ నలభైకి బండ మీద కాలు పెట్టగానే ఫోనే మోగింది.

"కుముదా, భయపడొద్దమ్మా," అన్నది అత్త. "వేదిక మెట్ల మీద జారి పడింది. చెయ్యి విరిగింది. ఎముకల ఆసుపత్రిలో ఉండాం. ఫోటో తీసినారు. రెండు గంటలకు మత్తిచ్చి సరిచేస్తారంట."

"తలకు తగిలిందా? వాంతి చేసుకునిందా?"

"లేదు లేదు. చెయ్యే."

"వేళ్ళు కదిలిస్తా ఉందా? ఎర్రగా ఉండాయా, తెల్లగా ఉండాయా?"

"ఎర్రగానే ఉండాయి. కదిలించమంటే ఏడుస్తాది."

"అత్తా, బాగా గుర్తు చేసుకుని చెప్పండి. ఏమైనా తినిందా?"

"ఏమీ తినలేదమ్మా. పొద్దున ఆరింటికి గ్లాసు పాలు తాగింది, అంతే. నర్సమ్మకు గూడా అదే చెప్పినా."

"టిఫిన్?"

"తళిగ రోజు ఇడ్లీ యాడ పెడతానమ్మా? నాతో పాటు అదీ ఒక్కపొద్దే. ఇదో, చార్జింగు అయిపోతా ఉండాది..."

ఫోను ఆగిపోయింది. కుముదవల్లి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఆరింటికి పాలు. రెండు గంటలకు మత్తు. మధ్యలో ఎనిమిది గంటలు. పాలకు ఆరు గంటలు చాలు. కడుపు ఖాళీ. అదీగాక ఆ ఆసుపత్రి థియేటర్లో ఉన్నది ఆమెతో చదువుకున్న సుందరరాజు. పనిమంతుడు. శేషసాయి ఫోను లాకర్లో ఉంటుంది కాబట్టి ఫ్యాక్టరీ గేటుకు చేసి కబురు చెప్పింది. నిర్వాహకులను కారు అడిగితే మదనపల్లె నుంచి రావాలి, రెండవుతుందన్నారు. అంతదాకా ఒంటరిగా కూర్చుంటే పిచ్చెక్కుతుందని మళ్ళీ హాల్లోకి పోయి వెనక వరసలో కూర్చుంది. భోజనం చేయలేదు.

మధ్యాహ్నం తరగతి దొరస్వామి గారిది. చిత్తూరు వైపు ముప్పై ఐదేళ్ళు మత్తు డాక్టరుగా చేసిన మనిషి. స్లైడ్లు లేవు, చేతిలో కాగితం కూడా లేదు.

"చిన్నబ్బ అని ఒకాయన వచ్చినాడు, హెర్నియాకు," అని మొదలుపెట్టాడు. "తిన్నావాప్పా అంటే, ఒక్కపొద్దు సార్ అన్నాడు. సరే, కడుపు ఖాళీ అనుకున్నా. మత్తిచ్చి గొట్టం వేస్తా ఉంటే ఉప్మా పైకొచ్చింది. సగం ఊపిరితిత్తుల్లోకి పోయింది. పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. బతికినాడు, నా అదృష్టం. లేచినాక అడిగితే ఏమన్నాడో తెలుసునా? ఒక్కపొద్దంటే అన్నం మానేస్తాం గానీ ఉప్మా మానేస్తామా సార్ అన్నాడు."

హాలంతా నవ్వింది.

"నవ్వొద్దండప్పా. ఆయప్ప అబద్ధం చెప్పలేదు. నేను అడిగింది తప్పు. తిన్నావా అని అడగొద్దు. నోట్లోకి ఏం పోయింది, ఎప్పుడు పోయింది అని అడగండి. పేరు పెట్టి అడగండి. కాఫీ, మాత్ర, వక్క, తీర్థం, ప్రసాదం..."

ప్రసాదం.

కుముదవల్లికి చెవుల్లో హోరు మొదలైంది. వాళ్ళ ఇళ్ళల్లో ప్రసాదాన్ని ఎవరూ తినరు. పుచ్చుకుంటారు. చిన్నప్పుడు ఆమె "పొంగలి తిన్నా" అంటే నాయనమ్మ ఊరుకునేది కాదు. "తినడమేందే? పుచ్చుకున్నానని చెప్పు" అనేది. అత్త నోట్లో కూడా ప్రసాదం పక్కన తినడమనే మాట ఒక్కసారి కూడా రాలేదు. తళిగ పదకొండు లోపల అయిపోతుంది. పెరుమాళ్ళ తర్వాత మొదటి దొన్నె వేదికకే. పొద్దుటి నుంచి ఆకలితో ఉన్న పిల్ల.

గడియారం ఒకటీ నలభై రెండు.

ఆమె లేచిన ఊపుకు కుర్చీ పడింది. బండ దాకా పరుగెత్తింది. అత్త ఫోను స్విచ్ ఆఫ్. ఆసుపత్రి నంబరుకు చేస్తే, ఇంగ్లీషులో స్వాగతం చెప్పి, ఒకటి నొక్కండి రెండు నొక్కండి అని, చివరికి సంగీతం పెట్టారు. అది కట్ చేసి సుందరరాజుకు చేసింది. మోగింది. కట్ చేశాడు. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశాడు. ఒకటీ నలభై ఏడు. బండ మీద గాలికి చీర కొంగు ముఖానికి చుట్టుకుంటోంది. మూడోసారి చేసింది.

"ఏంది కుముదా?" గొంతు తగ్గించి మాట్లాడాడు. "పాప బల్ల మీద ఉండాది. మత్తు డాక్టరు మేడమ్ కోప్పడతా ఉండారు."

"మందు ఎక్కించినారా?"

"సిరంజిలో ఉండాది. ఇంక..."

"ఆపు! రాజూ, ఆపమని చెప్పు. కడుపు ఖాళీ లేదు."

"ఆరింటికి పాలే అని షీట్లో రాసి ఉండాదే."

"ఆ షీటు తప్పు. బయట మా అత్త ఉంటాది. పోయి అడుగు. తినిందా అని అడగొద్దు. ప్రసాదం పుచ్చుకునిందా అని అడుగు. ఆ మాటే అడగల్ల, అర్థమయిందా?"

తప్పయితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కొండ మీద నుంచి ఒక టెక్నీషియన్ ఫోన్ చేసి డాక్టరు చెయ్యి ఆపించిందని తిరుపతంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

"మేడమ్, ఒక్క నిమిషం," అని సుందరరాజు అనడం వినిపించింది. ఫోను ఎక్కడో పెట్టి పోయాడు.

ఇప్పుడు ఆమెకు థియేటర్ వినిపిస్తోంది. ఇనుప ట్రేల చప్పుడు, ఏసీ హోరు, వాటి వెనక మానిటర్ కూత. బీప్, బీప్, బీప్. రోజూ వినే కూతే. రోజూ ఎవరిదో గుండె. ఈ రోజు వేదికది. కుముదవల్లి వాచీ చూస్తూ లెక్కపెట్టింది. నిమిషానికి నూట ముప్పై. భయపడుతోంది బిడ్డ. ఎవరో ఆడమనిషి, "కన్నా, నీ పేరేందమ్మా?" అంటోంది. బిడ్డ మెలకువగానే ఉంది. కూత అదే వేగంతో నడుస్తోంది. అది నెమ్మదిస్తే మందు ఎక్కినట్టు. నెమ్మదించకూడదని పళ్ళు బిగించి వింది. అప్పటికి పాల్, దొరస్వామి గారు వెనకాలే వచ్చి బండ కింద నిలబడ్డారు. ఆమె చెయ్యెత్తి మాట్లాడొద్దని సైగ చేసింది. అంత పెద్దాయనకు అట్లా సైగ చేశానన్న సంగతి ఆమెకు తర్వాత గాని తట్టలేదు.

ఫోను గరగరలాడింది.

"కుముదా." సుందరరాజు ఊపిరి ఎగపోస్తున్నాడు. "రెండు దొన్నెల చక్కెర పొంగలి. ఒక వడ. పదకొండుంబావుకు. పుచ్చుకోకుండా ఎట్లుంటాదప్పా, బిడ్డే గదా ముందు అనింది మీ అత్త."

కుముదవల్లి బండ మీద కూర్చుండిపోయింది.

"మేడమ్ సిరంజి పక్కన పెట్టేసినారు. వేళ్ళకు రక్తం బాగుండాది, తొందరేం లేదంట. కట్టు కట్టి, సాయంత్రం ఏడున్నరకు చేస్తారు. నువ్వు దిగిరా."

దొరస్వామి గారు దారి వైపు చూశాడు. "కారు వచ్చినట్టుంది, పోమ్మా," అన్నాడు. పాల్ ఆమె సంచీ తెచ్చి ఇచ్చి, "మత్తమ్మా, ఆ సర్టిఫికెట్టు సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు.

ఘాట్ మలుపులు, మదనపల్లె, పీలేరు. ఆసుపత్రి చేరేసరికి ఆరు దాటింది. వేదిక చెయ్యి కట్టుతో తండ్రి ఒళ్ళో ఉంది. తల్లిని చూసి, "అమ్మా, ఆకలి" అని ఏడ్చింది. కుముదవల్లి బిడ్డ నుదురు మీద చెయ్యి వేసి, ఇంక కొంచెం సేపమ్మా అన్నది.

పంకజాక్షి గోడవారగా, కాస్త దూరంగా కూర్చుని ఉంది. కోడలి వైపు చూడలేదు.

"నర్సమ్మ నన్ను అందరిముందర అబద్ధాలకోరు అనింది," అన్నది చివరికి. "నేను అబద్ధం చెప్పినానా? ప్రసాదాన్ని తిండి అంటారా యాడైనా? నా మనమరాలికి నేనే కీడు చేసేదాన్నని..."

కుముదవల్లి వెళ్ళి పక్కన కూర్చుంది.

"మీరు చెప్పింది నిజమే అత్తా. నేను కూడా తినిందా అనే అడిగినా. ఈ ఇంట్లో మనిషినై ఉండి, ఏ మాట అడగల్లో నాకు తెలియకపోయింది. నర్సును అనేదేముంది?"

పంకజాక్షి కొంగుతో ముఖం తుడుచుకుంది. పక్కకు జరిగి కోడలికి కాస్త చోటిచ్చింది.

ఏడు గంటలకు మత్తు డాక్టరు మేడమ్ కాగితాలతో వచ్చింది. మధ్యాహ్నపు షీటు తీసేసి కొత్తది పెట్టుకుంది. "మీరు మా లైనే గదా, మీరే చెప్పండి" అన్నది కుముదవల్లితో.

"నేను ఇంట్లో లేను మేడమ్. బిడ్డ దగ్గర ఉన్నది మా అత్త. ఆమెను అడగండి."

మేడమ్ పంకజాక్షి వైపు తిరిగి, "చెప్పండమ్మా. పొద్దున్నుంచి నోట్లోకి ఏమేం పోయినాయి?" అన్నది. సుందరరాజు నేర్పినట్టున్నాడు.

పంకజాక్షి లేచి నిలబడింది. పెరుమాళ్ళ ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుని చెప్పింది. ఆరింటికి పాలు. తళిగ కాకముందు ఉద్ధరిణెడు తీర్థం, రెండు తులసి ఆకులు. పదకొండుంబావుకు పొంగలి, వడ. పొంగల్లో జీడిపప్పు. పడినాక ఏడుస్తుంటే ఊరుకోబెట్టేదానికి పటికబెల్లం ముక్క. "అది సగం ఊసేసింది," అని ఆగి, ఆలోచించి, "మూడు గంటలప్పుడు దాహమంటే పెదాలు తడిగుడ్డతో తుడిచినా. ఒక చుక్క మింగిందేమో. అదీ రాసుకోండి" అన్నది.

మేడమ్ అన్నీ రాసుకుంది.

ఏడూ నలభైకి తలుపులు మూసుకున్నాయి. తొమ్మిదేళ్ళుగా అట్లాంటి తలుపుకు లోపలి వైపునే నిలబడిన కుముదవల్లికి బయటి వైపు ఎంత పొడుగ్గా ఉంటుందో ఇంతదాకా తెలియదు. శేషసాయి ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తున్నాడు. పంకజాక్షి చెయ్యి కుముదవల్లి చేతిలో ఉంది. ఆ చేతి మణికట్టు మీద తనకు తెలియకుండానే ఆమె వేలు పెట్టి నాడి చూస్తోంది.

ఎనిమిదింబావుకు లోపల్నుంచి ఏడుపు వినిపించింది. పెద్దగా, కోపంగా, ఎక్కడా గరగర లేకుండా.

"అయ్యో, ఏడుస్తాందే బిడ్డ!" పంకజాక్షి లేవబోయింది.

"ఏడవనీ అత్తా," అన్నది కుముదవల్లి. "బాగా ఏడవనీ."