సంతకానికి పెట్టిన బొట్టు

తనకి ఏ సంబంధమూ లేని పెళ్ళికి, పెళ్ళికూతురి తండ్రికి చెప్పకుండా, వీధి వీధంతటినీ భోజనానికి పిలిచిన ఘనుడు ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. వాడి చేతిరాతే మీరిప్పుడు చదువుతున్నది. నవ్వడం పూర్తయ్యాక కాస్త జాలి కూడా పడండి.

దెందులూరు దగ్గర మా ఊళ్ళో, సరిగ్గా ఇళ్ళ మధ్యన, నాకో కొబ్బరితోట ఉంది. ఒకసారి ఏలూరులో ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, ఆరుబయట పచ్చగడ్డి మీద వేసిన పందిరి చూసొచ్చాను. అంతే, మర్నాటి నుంచి నా తోట నాకు తోటలా కనిపించడం మానేసింది. గడ్డి వేయించాను, గేటు పెట్టించాను. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే కొండలరావు గారు తన ఒక్కగానొక్క కూతురి పెళ్ళి అక్కడే చేస్తానని మాట కూడా ఇచ్చేశారు. పంచాయతీకి చెప్పాలన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు!

పంచాయతీ సెక్రటరీ జంగారెడ్డిగూడెం అమ్మాయి. మాట మెత్తన, రూలు గట్టి.

“అది ఇళ్ళున్న చోటండీ. అక్కడ పెళ్ళిళ్ళకి స్థలం ఇవ్వాలంటే అనుమతి కావాలండీ.”

“తోట నాదేనండీ!”

“తోట మీదేనండీ, చెవులు పక్కింటివాళ్ళవండీ. మైకు, కార్లు, ఎంగిలాకులు... ఇవన్నీ భరించేది వాళ్ళే కదండీ. చుట్టూ ఉన్న నలభై ఇళ్ళవాళ్ళూ అభ్యంతరం లేదని సంతకం పెడితే, ముందు ఈ ఒక్క పెళ్ళికీ ఇస్తాను. పూర్తి అనుమతి సంగతి ఆ తరవాత విచారించి చూద్దామండీ.”

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేసినవాణ్ణి. కాగితం పట్టుకుంటే నాకే నామీద అనుమానం వస్తుంది, ఇక ఊళ్ళోవాళ్ళకి రాదూ? మొదటి గుమ్మం రత్తమ్మ పిన్నిది. వరసకి పిన్ని, గొంతుకి లారీ హారన్.

“ఏంట్రా ఆ కాగితం? నా పెరడు రాయించుకుందామనా?” అని మొహం మీదే తలుపేసింది.

ఇంటికొచ్చి ఆలోచించాను. అక్కడే చెడింది. ఉత్త చేతుల్తో వెళ్ళడం వల్లే ఈ అవమానమని తేల్చి, మా ఆవిడ వరలక్ష్మి చేతికి కుంకుమ భరిణె ఇచ్చాను.

“బొట్టు పెడితే భోజనానికి పిలిచారనుకుంటారేమోనండీ,” అంది.

“నీకన్నీ అనుమానాలే! అది గౌరవం. బొట్టు పెట్టించుకుని కాదనే మనిషి మన జిల్లాలోనే పుట్టలేదు.”

పుట్టలేదు కూడాను. ఆవిడ బొట్టు పెట్టడం, నేను “మన తోటలో పెళ్ళండీ” అని కాగితం చాపడం, వాళ్ళు చదవకుండా సంతకం చెయ్యడం. సాయంత్రానికి నలభై ఇళ్ళూ అయిపోయాయి. రత్తమ్మ పిన్నయితే ముహూర్తం ఎన్నింటికో కూడా అడిగింది. పిన్నికి ఎంత శ్రద్ధ పుట్టుకొచ్చిందని మురిసిపోయాను, మూర్ఖుణ్ణి!

పెళ్ళిరోజు పదిన్నరకి తాళి కట్టారు. పన్నెండింటికి విస్తళ్ళు వేసేసరికి వీధంతా తోటలో ఉంది. కొల్లేటి చేపల చెరువుల మీద పనికెళ్ళేవాళ్ళు పని మానేసి, కాళ్ళ బురద కడుక్కుని, ఇస్త్రీ చొక్కాల్లో వచ్చారు. ఆడవాళ్ళు పట్టుచీరలు. మొదటి బంతి మొత్తం మావాళ్ళే.

“మగపెళ్ళివారు బాగానే తరలివచ్చారే!” అన్నారు కొండలరావు గారు సంబరంగా.

“మావాళ్ళింకా నిలబడే ఉన్నారు బావగారూ. వీళ్ళంతా మీవాళ్ళనుకున్నాం,” అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

ఇద్దరూ కలిసి నావైపు తిరిగారు. అదే సమయానికి విస్తరి ముందు నుంచి రత్తమ్మ పిన్ని, “ఒరే అబ్బాయ్, గారెలిటు రాలేదు!” అని కేకేసింది.

వంటవాడొచ్చి మా ఇద్దరి చెవుల్లో ఊదాడు, గుండిగలు అడుగంటాయట. కొండలరావు గారి మొహం వాడిపోయింది. అరవలేదాయన. అరిచినా బావుండేది.

“మగపెళ్ళివారు ఆకలితో లేచి వెళ్ళిపోతే, రేపు నా కూతురు ఆ ఇంట్లో తలెత్తుకుని ఎలా తిరుగుతుందండీ? చెప్పండి, మీరే చెప్పండి.”

కళ్ళనీళ్ళు తిరిగాయి, ఆయనకీ నాకూ. పరుగెత్తుకెళ్ళి పిన్ని చెవిలో నిజం చెప్పాను. ఆవిడ చేతిలో గారె అలాగే ఆగిపోయింది.

“అంటే మేం పిలవని పేరంటానికొచ్చి, ఆడపిల్ల పెళ్ళిలో కూడు తినేశామా?” అని లేచి నిలబడింది. ఆ హారన్‌కి కొబ్బరిచెట్ల మీద కాకులు లేచిపోయాయి. “లేవండర్రా! పొయ్యిలు వెలిగించండి. ఎవరింట్లో ఏముంటే అది వండి పట్రండి!”

గంటలో నలభై ఇళ్ళ నుంచి నలభై గిన్నెలు. అన్నం, పప్పు, పులుసు, పెరుగు, ఆవకాయ జాడీలు. ఒకాయన ఉత్సాహం ఆపుకోలేక కొరమీను కూరతో వచ్చాడు. పిన్ని గేటు దగ్గరే అడ్డం పడి, “వాళ్ళు నీచు తినర్రా, వెనక్కి పో!” అని తరిమింది. పెళ్ళికొడుకు తండ్రి ఆవకాయ మూడుసార్లు వేయించుకుని, “ఇలాంటి భోజనం ఏ పెళ్ళిలోనూ తినలేదు బావగారూ,” అన్నాడు. కొండలరావు గారికి అప్పటికి ఊపిరొచ్చింది.

వారం తిరిగాక సెక్రటరీ పూర్తి అనుమతి కోసం విచారణకి వచ్చింది. నా పని అయిపోయిందనే అనుకున్నాను.

“మైకు వల్ల అభ్యంతరమాండీ?”

“లేదమ్మా,” అంది రత్తమ్మ పిన్ని, అందరి తరఫునా.

“కార్ల వల్ల?”

“అబ్బే!”

“అయితే అనుమతి రాసెయ్యమంటారా?”

“రాసెయ్యమ్మా. కాకపోతే మాకు బొట్టు పెట్టకుండా ఆ తోటలో పెళ్ళి చేస్తే మాత్రం నలభై ఇళ్ళకీ అభ్యంతరమే!”

ఆ అమ్మాయి నవ్వకుండా, అక్షరం పొల్లుపోకుండా, దాన్నే షరతుగా రాసి స్టాంపు కొట్టింది. ఆ కాగితం చూశాక, తోట అడగడానికొచ్చిన ప్రతివాడూ మంచినీళ్ళు తాగి మర్యాదగా వెళ్ళిపోతున్నాడు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, తూర్పు తిరిగి చెబుతున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడైనా నాకు సంతకం అవసరమైతే, కాగితం ఒక్కటే పట్టుకెళ్తాను. మొహం మీద తలుపేస్తే, ఆ తలుపుకే దండం పెట్టి వచ్చేస్తాను.