సముద్రం బీచ్‌ల

ఆ రోజుల్లో మాకు నీళ్లంటే బోరు పోసేవి, ట్యాంకరు తెచ్చేవి, వానలు బాగా పడితే నిజాంసాగర్‌లో కనిపించేవి. అంతకు మించిన నీళ్లు భూమ్మీద ఉన్నాయని సాంఘికశాస్త్రంలో చదివి పరీక్ష రాశానే కానీ, లోపల ఎక్కడో నమ్మలేదు. ఎల్లారెడ్డి దగ్గర పల్లెలో పుట్టి కామారెడ్డిలో డిగ్రీ చదువుతున్న పిల్లకు సముద్రంతో ఏం పని? నీళ్ల భయం మాత్రం నాకు చిన్నప్పటి నుంచి దండిగా ఉంది. ఒకసారి నిజాంసాగర్ గేట్లు ఎత్తారని ఊరంతా ట్రాక్టర్లెక్కి చూడబోతే, నేను బాపు కాలు కరుచుకుని కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఇంటికొచ్చాక అందరికంటే ఎక్కువగా వర్ణించింది మళ్లీ నేనే. (ఆ వర్ణన విన్న మా మేనత్త ఇప్పటికీ నాకు ధైర్యం ఎక్కువని చెప్పుకుంటుంది. నేను కాదనలేదు.)

అట్లాంటి నేను, తెలంగాణ రాష్ట్రం ఇంకా రాని ఆ రోజుల్లో, కాలేజీ నేచర్ క్లబ్బులో చేరాను. ప్రకృతి మీద ప్రేమతో కాదు, క్లబ్బు ఉన్న రోజు చివరి పీరియడ్ కెమిస్ట్రీ తప్పేది కాబట్టి. క్లబ్బు నడిపేది విజిల్ సార్. బాపట్ల దిక్కు నుంచి మా కాలేజీకి వచ్చిన లెక్చరర్. మెడలో ఎర్రతాడుకు కట్టిన విజిల్ లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఉండరు. ఎండాకాలం సెలవులు దగ్గర పడుతుండగా ఆయన మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, "మీలో ఒక్కరూ సముద్రం చూళ్లేదంటే నాకు మనసొప్పట్లేదమ్మా. మా ఊరి బీచ్‌కి వెళ్దాం. రెండు రోజులు టీం బిల్డింగ్ ఆటలు ఆడుకుని వద్దాం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను గానీ, నా చప్పట్లలో చప్పుడు లేదు.

ఇంట్లో ఒప్పుకోరులే, బతికిపోతాను అని ధైర్యం చెప్పుకుంటూ శనివారం ఊరికి వెళ్లాను. మా అవ్వ (మాకు అమ్మంటే అవ్వ, నాన్నంటే బాపు) చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నది. "అవ్వా, కాలేజోల్లు బీచ్‌కు తీస్కపోతరట" అన్నాను. "దేని బీచ్‌లకు?" అంది తలెత్తకుండానే. "సముద్రం బీచ్‌కు" అన్నాను. అవ్వ చేతిలోని తునికాకు చాటలో పడిపోయింది.

ఇక్కడ మా దిక్కు కానివాళ్లకు ఒక మాట చెప్పాలి. మాకు 'బీచ్‌ల' అంటే నడుమ. ఉర్దూ నుంచి వచ్చి మా నోళ్లలో కుదురుకున్న మాట. బస్సు తొవ్వ బీచ్‌ల ఆగిపోతుంది, పెద్దోళ్లు మాట్లాడుతుంటే పిల్లలు బీచ్‌ల రావద్దు. కాబట్టి మా అవ్వకు వినిపించింది ఏమిటంటే, కాలేజీవాళ్లు తన బిడ్డను సముద్రం నట్టనడుమకు తీసుకుపోతున్నారని!

"ఓ నా బిడ్డో! ఒడ్డున నిలవడి సూస్తె సాలదా? సముద్రం బీచ్‌లకు ఎందుకు పోవుడే? గా సారుకు పిల్లలు లేరా ఏంది?" అని లబోదిబోమంది. బాపు లోపలి నుంచి వచ్చి, టీం బిల్డింగ్ ఆటలతో సహా విషయమంతా విని, దుబాయిలో గోడలు కట్టి వచ్చిన మనిషి కాబట్టి ఆయన భయం ఆయన భయపడ్డాడు. "మల్ల గా బిల్డింగేంది? ఎండల బిల్డింగ్ పని ఎట్లుంటదో నాకెర్క. సదువుకునే పోరగాండ్లతోని కట్టిపిస్తరా?" నాకు లోపల్లోపల సంతోషంగానే ఉంది, ఇద్దరూ వద్దంటే నా భయం బయటపడకుండా పని జరిగిపోతుందని. కానీ ఆ మాట మా మేనత్త చెవిన పడింది. "నిజాంసాగర్ గేట్ల కాడనే భయపడని పిల్ల, పోనియ్యున్రి" అని ఒక్క మాటలో అందరినీ ఒప్పించి, నన్ను నిలువునా ముంచింది. చివరికి అవ్వ నా చేతిని తన నెత్తి మీద పెట్టుకుని, "ఒడ్డు దిగనని ఒట్టు వెట్టు" అంది. అంత మనస్ఫూర్తిగా నేను జీవితంలో ఇంకే ఒట్టూ పెట్టలేదు.

కామారెడ్డిలో రైలెక్కి, సికింద్రాబాదులో మారి, తెల్లారి బాపట్లలో దిగి ఒడ్డు దిక్కు బయల్దేరాం. సముద్రం కంటే ముందు దాని చప్పుడు వినిపించింది. గేట్లన్నీ ఒకేసారి ఎత్తినట్టు, మళ్లీ దించడం మరిచిపోయినట్టు. అందరూ కేకలేస్తూ ఉరికారు. నేను సరుగుడు చెట్టు ఒకటి పట్టుకుని ఆగిపోయాను. ఎదురుగా అంత నీరు అట్లా లేస్తూ పడుతూ మా వైపే వస్తుంటే, ఇది ఆగుతుందని ఎవరు చెప్పారు వీళ్లకు అనిపించింది. రెండో చెయ్యి కూడా చెట్టుకు చుట్టేశాను.

మా జట్టుకు కెప్టెను గాంధారన్న. మాకు సీనియరు, గాంధారి దగ్గరి తండా నుంచి రోజూ ఆటోలో కాలేజీకి వచ్చేవాడు కాబట్టి ఆ పేరు. సార్ ఇసుకలో పెద్ద గుండ్రం గీసి ఆట చెప్పారు: విజిల్ వినగానే అందరూ మధ్యలోకి పరుగెత్తి ఒకరినొకరు పట్టుకోవాలి, ఎవరు తోసినా విడిపోకూడదు. గాంధారన్న దాన్ని మా భాషలోకి మార్చాడు. "విజిల్ వడంగనే అందరు బీచ్‌లకు ఉర్కాలె. ఎవ్వన్నీ ఇడువొద్దు." ఎండ నెత్తికెక్కే దాకా అదే ఆట. విజిల్ పడితే చాలు, బీచ్‌లకు, బీచ్‌లకు అని అరుచుకుంటూ ఉరికి కుప్పగా అతుక్కుపోయేవాళ్లం. అది ఇసుక మీద కాబట్టి నేనూ హుషారుగానే ఆడాను.

తర్వాత సార్ చేతులు పట్టుకుని వరుసగా నీళ్లలో నిలబడే ఆట పెట్టారు. "మోకాలి లోతు దాటితే ఊరుకోను" అని గట్టిగానే చెప్పారు. "సార్, మా అవ్వకు ఒట్టు వెట్టిన, నేను దిగ" అన్నాను. ఆయన పాపం నవ్వకుండా, "నువ్వు ఒడ్డు చివర నిలబడమ్మా, నీ కాళ్లు తడవవు" అన్నారు. అట్లా వరుస ఒక కొస పొడి ఇసుకలో, అక్కడ నేను. రెండో కొస నీళ్లలో, అక్కడ గాంధారన్న. సార్ నా పక్కనే గట్టు మీద. లోకంలో నాకంటే క్షేమంగా ఉన్న మనిషి ఆ క్షణంలో ఇంకొకరు లేరు.

దూరంగా ఒక అల మిగతావాటికంటే ఎత్తుగా లేచింది. సార్ విజిల్ ఊదారు. "బీచ్‌లోకి! అందరూ బీచ్‌లోకి రండి!" అని అరిచారు.

పొద్దుటి నుంచి చేసిన సాధన ఊరికే పోతుందా? విజిల్ పడింది, బీచ్‌ల అన్నారు. గాంధారన్న అటు కొస నుంచి, మిగతావాళ్లు ఎక్కడివాళ్లక్కడి నుంచి వరుస నడుమకు ఉరికారు. నేను, పొడి ఇసుకలో పొడి కాళ్లతో నిలబడ్డ నేను, ఒట్టు పెట్టిన నేను, భయంతో బుర్ర పని చెయ్యక, అందరి వెంబడి నీళ్లలోకి ఉరికాను. వెనక సార్ విజిల్ మీద విజిల్ ఊదుతున్నారు. ఊదిన కొద్దీ మేం ఇంకా గట్టిగా నడుమకు చేరాం. అల మా నెత్తిన పడింది. నోట్లో, ముక్కులో, చెవుల్లో ఉప్పు. కాళ్ల కింద ఇసుక లాగేసుకుపోతున్నది. పైకేది, కిందికేది తెలియలేదు. అయిపోయింది, మా అవ్వ చెప్పినట్టే సముద్రం బీచ్‌ల చచ్చిపోతున్నాను అనుకున్నాను. ఎవరిదో చెవి దొరికితే పట్టుకున్నాను. చెవి అని తర్వాత తెలిసింది, అప్పుడది నాకు ప్రాణం.

అల వెనక్కి పోయింది. కుప్ప కుప్పలాగే ఉంది, ఒక్కరూ జారిపోలేదు. మోకాలి లోతు నీళ్లలో అందరం దగ్గుతూ, ఏడుస్తూ నిలబడి ఉన్నాం. నా చేతిలో ఉన్నది గాంధారన్న చెవి. సార్ నీళ్లలోకి ఉరికొచ్చి ఒక్కొక్కరినీ రెక్క పట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు. "బీచ్‌లోకి రమ్మంటే లోపలికి పోతారేంటమ్మా!" అని ఏడుపు గొంతుతో అరిచారు. "మీరే గద సార్ బీచ్‌లకు రమ్మన్నరు!" అని మేం అంతకంటే గట్టిగా ఏడ్చాం. ఎవరో నెమ్మదిగా ఆ మాటకు మా దిక్కున అర్థమేమిటో చెప్పారు. సార్ తడి ఇసుకలో కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. నవ్వారో ఏడ్చారో ఇప్పటికీ తెలియదు. చివరికి, "మరి నేనేమనాల్రా?" అని అడిగారు. గాంధారన్న ఎర్రబడ్డ చెవి రుద్దుకుంటూ, "ఒడ్డుకు అనున్రి సార్. టీం బిల్డింగ్ అయిపోయినట్టేనా, ఇంకేమన్న ఉన్నదా?" అన్నాడు.

ఎల్లారెడ్డి బస్టాండులో అవ్వ ఎదురుచూస్తున్నది. నన్ను దగ్గరికి తీసుకుని నెత్తి నిమిరితే వేళ్లకు ఇసుక అంటింది. "ఒడ్డు దిగినవా?" అంది. నాకు దుఃఖం ఆగలేదు. "దిగిన అవ్వా. బీచ్‌ల దాంక పోయిన" అన్నాను. వీపు మీద ఒక్కటేసి, అదే చేత్తో హత్తుకుని, బస్టాండు అని చూడకుండా ఏడ్చింది. అన్నాలు తిన్నాక మాత్రం బీడీల చాట ముందేసుకుని, ఎవరూ వినకుండా, "నిజంగనే ఉప్పగుంటదానే?" అని అడిగింది.

ఆ ప్రశ్న నాలో ఉండిపోయింది. మొన్న ఎండాకాలం అవ్వను అదే ఒడ్డుకు తీసుకెళ్లాను. చూసి భయపడుతుందేమో, చెయ్యి పట్టుకుందామని నేను చెప్పులు విడిచేలోపే, ఆమె చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని దిగిపోయింది. చీలమండలు దాటింది, మోకాళ్ల దాకా వెళ్లింది, దోసిట్లో నీళ్లు తీసి నాలుకకు రాసుకుని చూసింది. అన్నీ మరిచిపోయి విజిల్ సార్ లాగే అరిచాను. "సాలవ్వా! బీచ్‌కు రా! బీచ్‌కు రా!"

అవ్వ వెనక్కి తిరిగి, నవ్వుతూ అంది. "బీచ్‌లనే ఉన్న గదనే!"

ఒకనాడు పిలవగానే నీళ్లలోకి ఉరికిన ఆ పిల్ల ఏమైపోయిందో గానీ, ఒడ్డున చెప్పులు చేతబట్టుకుని వణుకుతున్న ఈ పెద్దమనిషిని చూస్తే నాకే నవ్వొచ్చింది. ఈసారి నన్నెవరూ ఒట్టు పెట్టమనలేదు. చెప్పులు ఇసుకలో పడేసి, భయపడుతూనే, అవ్వ దగ్గరికి దిగాను.