మస్తాన్ మావయ్య పీకేసిన పైపు

జానెడు రబ్బరు పైపుతో ఒక కారునీ, ఒక డాక్టరుగారినీ, సొంత అక్క ఉద్యోగాన్నీ ఒకే పొద్దుట ముంచెయ్యడం సాధ్యమా అని మీకు అనుమానం ఉంటే ఇలా వచ్చి కూర్చోండి. సాధ్యమే. నేను దాదాపు చేసి చూపించాను. దానికి తగ్గ డిప్లొమా కూడా ఉంది నా దగ్గర.

డెబ్భైల చివరి సంగతి ఇది. బందరులో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, అవనిగడ్డలో మస్తాన్ మావయ్య షెడ్డులో చేరి రెండు నెలలైంది. ఆయన మాకు చుట్టం కాదు, మా నాన్న స్నేహితుడు. నాలుగో క్లాసుతో చదువు ఆపేసిన మనిషి. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, డాక్టరు గుండె చూసినట్టు చూసేవాడు. నేను పక్కన నిలబడి లోలోపల నవ్వుకునేవాణ్ణి. నా దగ్గర పుస్తకం ఉంది మరి.

ఆ షెడ్డుకి వచ్చే బళ్ళన్నిటిలోకీ ప్రకాశం డాక్టరుగారి ఎర్ర కారంటే మా ఇద్దరికీ ప్రాణం. పైకి మామూలు కారే. లోపల ఉన్నది మాత్రం మద్రాసులో కారు పందేల కోసం ఎవరో ముచ్చటపడి కట్టించుకున్న ఇంజను. ఆయన పందేలు మానేసి అమ్మేస్తే, వేగం అంటే పడిచచ్చే మన డాక్టరుగారు కొన్నారు. అది స్టార్టయితే షెడ్డు రేకులు కూడా కదిలేవి.

ఇక మా అక్క సుశీల. బీఎస్సీ, బీఈడీ. సైన్సు టీచరు ఉద్యోగానికి మూడు ఇంటర్వ్యూలకి వెళ్ళింది, మూడూ పోయాయి. నాలుగోది బందరులో, పొద్దున పదింటికి. ఆ ఏడాది దాటితే ఉద్యోగానికి వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరు.

"ఆరున్నర బస్సుకి వెళ్ళిపోతాన్రా," అంది అక్క.

"బస్సేంటక్కా, ఎక్కడ ఆగిపోతుందో ఎవరికి తెలుసు? డాక్టరుగారు ఆ పూటే బందరు వెళ్తున్నారు. నేను అడుగుతాను. ఆ ఇంజను నా చేతిలో ఉంది, గంటలో దింపుతాను నిన్ను."

నా చేతిలో ఉంది అన్నాను చూశారూ, అక్కడ మొదలైంది.

మస్తాన్ మావయ్య ముందురోజే చల్లపల్లిలో రైసుమిల్లు ఇంజను బాగుచెయ్యడానికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ చెప్పాడు. "అల్లుడూ, డాక్టరుగారి బండికి నీళ్ళు, ఆయిలు చూసి పంపు. ఇంకేం ముట్టుకోకు."

"అలాగే మావయ్యా," అన్నాను. నీళ్ళు చూశాను. ఆయిలు చూశాను. అప్పుడు నా కళ్ళు ఊరుకోలేదు.

కార్బురేటరు నుంచి డిస్ట్రిబ్యూటరుకి వెళ్ళాల్సిన వాక్యూమ్ పైపు ఊడి వేలాడుతోంది. పైగా దాని మూతికి ఒక స్క్రూ బిగించి ఉంది. ఆ పైపు పనేమిటంటే, బండి తేలిగ్గా పోతున్నప్పుడు గాలి లాగి, పెట్రోలుని అంటించే నిప్పురవ్వ కాస్త ముందుగా వచ్చేట్టు చేస్తుంది. పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. పాపం పెద్దాయన, పైపు ఎక్కడ తగిలించాలో తెలియక వదిలేశాడనుకున్నాను. జాలేసింది కూడాను. స్క్రూ తీసి పారేసి పైపు తగిలించాను. అంతటితో ఊరుకున్నానా? రవ్వ ఇంకా ముందే వచ్చేట్టు డిస్ట్రిబ్యూటరుని కూడా ఇంకాస్త ముందుకి తిప్పాను. ఇంజను రయ్యిమని లేచింది. నా ఛాతీ దానికంటే ఎత్తు లేచింది.

ఏడున్నరకి బయల్దేరాం. డాక్టరుగారు స్టీరింగు దగ్గర, నేను పక్కన, గంజి పెట్టిన చీరలో అక్క సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని వెనక.

"ఏవయ్యా రవీ, ఏం చేశావు? కాలు ఆనిస్తే చాలు, ఎగిరిపోతోందే," అన్నారు డాక్టరుగారు.

"చిన్న సర్దుబాటండీ," అన్నాను వినయంగా. ఆ వినయం ఖరీదు నాకు ఇంకో పావుగంటలో తెలిసింది.

మోపిదేవి వస్తుండగా చప్పుడు మొదలైంది. రేకుడబ్బాలో గోళీలు పోసి ఆడిస్తున్నట్టు టకటకటక.

"ఏమిటయ్యా అది?"

"పవరు సౌండండీ. ఇన్నాళ్ళూ అణిగి ఉంది కదండీ."

"పవరుకి వేరే సౌండుంటుందిరా?" అని వెనకనుంచి అక్క.

"నీకు తెలీదులే అక్కా."

నాకు తెలుసు. పెట్రోలు వేళకి ముందే అంటుకుంటే ఇంజను చేసే 'నాకింగ్' చప్పుడు అదని, నేను ముందుకి తిప్పినందుకే వస్తోందని నాకు అప్పుడే తెలిసిపోయింది. మోపిదేవి దాటుతుంటే అక్క గుడివైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. నేను ఆవిడ చూడకుండా రెండు దణ్ణాలు పెట్టాను. ఇంజను వేడి చూపించే సూది ఎర్రగీత వైపు పాకుతోంది.

ఒక కాలవ వంతెన ఎక్కి దిగామో లేదో బానెట్టు సందుల్లోంచి పొగలు. డాక్టరుగారు బండి పక్కకి తీశారు. టైము ఎనిమిది కావస్తోంది. చల్లారేదాకా రేడియేటరు మూత తియ్యకూడదు, తీస్తే మొహం కాలుతుంది. నిలబడ్డాం. ఎనిమిదిన్నర అయింది. బందరు బస్సొకటి ఫుట్‌బోర్డు మీద కూడా మనుషుల్ని వేలాడేసుకుని ఆగకుండా వెళ్ళిపోయింది. అక్క దాన్ని కనుచూపుమేర చూసింది. తర్వాత ఫైలు తెరిచి సర్టిఫికెట్లు మళ్ళీ వరసగా సర్దుకుంది. నన్ను తిట్టినా బావుండును అనిపించింది. ఏడుపొచ్చింది నిజంగా.

అక్క టిఫిను డబ్బాలో ఇడ్లీలు నా చేతిలో పెట్టి, తనే కాలవలోకి దిగి డబ్బాతో నీళ్ళు తెచ్చింది. రెండు ఇడ్లీలు పట్టుకుని రోడ్డు మీద నిలబడిన డిప్లొమా హోల్డరుని చూస్తూ ఒక గేదె కూడా కాసేపు ఆగింది. అక్కే మసిపట్టిన మూత తిప్పి నీళ్ళు పోసింది. నత్తనడకన చల్లపల్లి చేరాం.

మేం హారను కొట్టకముందే మస్తాన్ మావయ్య రైసుమిల్లు గేటు బయట నిలబడి ఉన్నాడు.

"వీధి మలుపు దగ్గరే వినబడింది," అన్నాడు. "ఎవరు పెట్టారు పైపు?"

డాక్టరుగారు నావైపు చూశారు. అక్క నావైపు చూసింది. నేను కూడా పక్కకి చూశాను, ఎవరైనా ఉంటారేమోనని.

"నేనే మావయ్యా. నువ్వు మర్చిపోయావనుకుని..."

"మర్చిపోయినోడు స్క్రూ పెట్టి బిగిస్తాడంట్రా?"

ఆయన బానెట్టు ఎత్తి పైపు పీకి, ఇంకో స్క్రూ బిగించి, డిస్ట్రిబ్యూటరు మీద చెయ్యేశాడు. అక్క ఫైలు చంకలో పెట్టుకుని ముందుకొచ్చింది.

"ఎందుకు పీకేశారు మావయ్యగారూ?"

"ఊయల ఊపుతావు కదమ్మా. వెనక్కొచ్చి ఆగినప్పుడు తోస్తే ముందుకు పోద్ది. ఇంకా నీ మీదకి వస్తుంటే తోశావనుకో?"

"మణికట్టు విరుగుతుంది," అంది అక్క.

"అంతే. లోపల పిస్టను కూడా అంతే. ఈ ఇంజను పందేల పెట్రోలుకి కట్టింది. మన బంకు పెట్రోలు దీంట్లో ఆగదు, గబుక్కున అంటుకుంటది. అందుకని రవ్వ కాస్త ఆలస్యంగా రావాలి. ఆ పైపు ఉంటే తొందరపెడద్ది. తొందరపెట్టేవాణ్ణి బయట కూచోబెట్టా." చెవి ఇంజను వైపు పెట్టి డిస్ట్రిబ్యూటరు వెంట్రుకవాసి తిప్పాడు. గోళీలు ఆగిపోయాయి. "వెళ్ళండి డాక్టరుగారూ. తొక్కండి."

డాక్టరుగారు తొక్కారు. బందరు చేరేసరికి పదికి నాలుగు నిమిషాలు తక్కువ. బురద కాళ్ళతో, మసి చేతులతో అక్క లోపలికి పరిగెత్తింది. బయట మెట్ల మీద నేను ఉన్న గోళ్ళన్నీ కొరికేశాను.

అరగంట తర్వాత నవ్వుకుంటూ వచ్చింది.

"ఏం అడిగారక్కా?"

"చేతులకి ఆ మసేమిటమ్మా అన్నారు. చెప్పాను. అయితే అదే పాఠంగా చెప్పమన్నారు. ఊయలతో చెప్పాను. తొందరపెడితే ఏమవుతుందో ఒక ఉదాహరణ కూడా ఇచ్చాను."

"ఏం ఉదాహరణ?"

"నువ్వే. పేరుతో సహా చెప్పాన్రా."

ఉద్యోగం వచ్చింది. అక్క దివిసీమలో ఏ బడికి బదిలీ అయినా ఏటా ఆ పాఠం చెప్పింది, పేరు మాత్రం మార్చలేదు. ఆరేళ్ళ తర్వాత గుడివాడలో పెళ్ళిచూపులకి వెళ్ళాను. దివిసీమలో అమ్మమ్మగారింట పదోక్లాసు చదువుకున్న అమ్మాయి కాఫీ ఇచ్చి, నా పేరు విని, పెదాలు బిగబట్టి అడిగింది. "సుశీల టీచరుగారి తమ్ముడాండీ? పైపు తగిలించింది మీరేనా?"

పెళ్ళయ్యాక ఆవిణ్ణి వెంటబెట్టుకుని హంసలదీవి వెళ్ళాను. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట మోకాల్లోతు నీళ్ళలో నిలబడి, దోసిట నీళ్ళు పట్టి, గట్టిగా ప్రమాణం చేశాను. "పెద్దలు పీకేసిన పైపుని, ఎందుకు పీకారో అడగకుండా ఈ జన్మలో తగిలించను."

మా ఆవిడ ఒడ్డునుంచి అంది. "అడిగినా తగిలించకండి."