ఆకుల కింద పాముల లెక్క

2018 జనవరి 23, మంగళవారం. అప్పుడు నేను కెనడాలో, మిస్సిసాగా దగ్గరి కార్గో టెర్మినల్‌లో వన్యప్రాణుల తనిఖీ అధికారిని. సర్వీసులో ఇరవై రెండో ఏడు.

ఆ ఉదయం పసిఫిక్ దీవుల నుంచి నేల బోవాలు వచ్చాయి. అడవిలో రాలిన ఆకుల కింద బతికే, విషం లేని పాములివి. రంగు కూడా ఎండుటాకుదే. పర్మిట్‌లో పన్నెండని, అన్నీ మగవేనని ఉంది. జానెడు నుంచి మూడడుగుల దాకా సైజులు కలిసి ఉన్నాయి. తనిఖీ అయ్యేదాకా కిటికీలు లేని వెచ్చటి గదిలో, ఆకులు పరిచిన గాజు తొట్టిలో ఉంచుతాం.

పదిన్నరకు లెక్కపెట్టి రిజిస్టర్‌లో పన్నెండని రాశాను. పన్నెండున్నరకు, సంతకానికి ముందు మళ్ళీ లెక్కిస్తే పదిహేను. తొట్టికి వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. మూడు చిన్నవి మొదట నా కంటపడలేదనుకున్నాను. సిగ్గేసింది. పన్నెండును పదిహేనుగా దిద్దాను.

ఆ గది చూసుకునే కరీంనగర్ రమణ నవ్వాడు. "ఆంటీ, మీ కౌంట్ కూడా తప్పుతదా? ఇయ్యాల లాటరీ టికెట్ కొనాలె."

పర్మిట్‌కు మించి ఒక్కటున్నా మొత్తం వెనక్కి పంపాలి. ఆ చలిలో, మళ్ళీ రెండు రోజుల ప్రయాణం. బతకవని ఇద్దరికీ తెలుసు. సూపర్‌వైజర్ ఆరింటి విమానానికి ఫారం సిద్ధం చేయమన్నారు.

ఫారం నింపడానికి రెండింటికి మళ్ళీ లెక్కపెట్టాను. పంతొమ్మిది.

రమణ ఈసారి నవ్వలేదు. "లాక్ తియ్యలేదు కదా ఆంటీ?" అని మెల్లగా అడిగాడు. తీయలేదన్నాను. టార్చి పట్టుకుని నిలబడ్డాం. హీటర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి, కదలకుండా పడి ఉన్న పెద్ద పాము పక్కన ఒక ఆకు దానంతటదే పైకి లేచింది. కింద తడిగా, జానెడు పొడవున ఇంకొకటి.

నేల బోవాలు గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. ఆ సంగతి నాకు తెలుసు. మగవన్న కాగితాన్ని నమ్మి, తెలిసినదాన్ని పక్కన పెట్టాను. తడి పిల్ల ఒక్కటే ఇక్కడ పుట్టిందని చూపగలం. వచ్చినవి పన్నెండే అనడానికి ఉన్న ఒకే రుజువును నేనే దిద్దేశాను.

రిజిస్టర్ దిద్దితే శిక్ష ఉంటుంది. అయినా ఆ పేజీని సూపర్‌వైజర్ ముందు పెట్టి, ఏం చేశానో, ఎందుకు చేశానో చెప్పాను. ఆమె పేజీని, నన్ను మార్చి మార్చి చూశారు. "మీరా?" అని మాత్రం అన్నారు.

మొదటి లెక్కనే ఒప్పుకోవడంతో పాముల ప్రయాణం ఆగింది. నా సర్వీసు రికార్డులో మందలింపు చేరింది.

రెండో లెక్క నిజమైనంత మాత్రాన మొదటిది తప్పు కాదు. పదవీ విరమణ దాకా ప్రతి సంఖ్య పక్కన సమయం రాశాను. దేన్నీ దిద్దలేదు.