నల్లబడ్డ గుడ్లు

కందిరీగలక్క అంటే మా వీధిలో తెలియనివాళ్లు లేరు. నోరు చూసి పెట్టిన పేరనుకునేరు! ఆమెకు నాలుకుందో లేదో కట్టుకున్న మొగుడికే అనుమానం. ఆమె ఉద్యోగమే కందిరీగలు పెంచడం. పక్కన ఆవగింజ పెడితే ఆవగింజే ఏనుగులా కనిపించేంత చిన్నవి. కుట్టవు. పంట తినే పురుగు ఆకు మీద గుడ్డు పెడితే, ఇవి పోయి ఆ గుడ్డులో తమ గుడ్డు పెడతాయి. పురుగు కళ్లు తెరవకముందే దాని కథ కంచికి.

వాటిని పెంచే గదిలోకి గాలి కూడా అక్కనడిగే రావాలి. అలాంటి గదిని మూసేస్తామన్నాడు ఆఫీసరు. మందు కొట్టకుండా కోతదాకా నిలిచిన తోట ఒక్కటి చూపిస్తే ఉంచుతానన్నాడు. అక్క ఊరందరి గడ్డాలూ పట్టుకుని, చివరికి సొంత అన్న టమాటా తోటలో వచ్చిపడింది.

"మందు ముట్టనని ఒట్టెయ్ అన్నయ్యా. నా కూడు ఆ గదే."

"ఒట్టే తల్లీ. పంట పోతే మాత్రం మీ వదిన నన్ను నీ ఈగలకే మేత వేస్తుంది."

కందిరీగలు పుట్టుకొచ్చే అట్టముక్కల్ని అక్కే ఆకుల అడుగున గుచ్చింది. నోరు విప్పని మనిషి, జాగ్రత్తలు మాత్రం నిద్రలో కూడా చెప్పింది.

ఒక పొద్దున వదిన ఆకు తిప్పి చూసింది. తెల్లగా ఉండే పురుగు గుడ్లు బొగ్గుల్లా ఉన్నాయి.

"ఏవండోయ్! గుడ్లు నల్లబడ్డాయి! రేపో మాపో పగిలి తోటంతా పురుగే! మీ చెల్లెల్ని నమ్మి నోట్లో మట్టి కొట్టుకున్నాం!"

ఆ మధ్యాహ్నం అన్న కొట్టిన మందుకి పక్క ఊరి కుక్కలు కూడా తుమ్మాయి.

మర్నాడు తనిఖీకి ఆఫీసరొస్తే అన్న ఛాతీ విరుచుకుని ఎదురెళ్లాడు. "చూడండి సార్, పురుగన్నదే లేదు!" ఆఫీసరు ముక్కు మూసుకుని గట్టు మీంచే వెనక్కి తిరిగాడు.

వెంట వచ్చిన అక్క ఆకు తిప్పింది. నల్ల గుడ్లు అలాగే ఉన్నాయి. ఒక్కదానికీ కన్నం పడలేదు. లోపలి కందిరీగలు లోపలే చచ్చాయని అన్నకి చెప్పింది.

"నలుపంటే నీ ఈగలేనని ముందే ఏడవొచ్చుగా!" అన్నాడు అన్న.

"తోచలేదన్నయ్యా. మా గదిలో నలుపు కనిపిస్తే సంబరం. అది చూసి ఎవరైనా భయపడతారని..." అంటూ ఆకు వదిలేసింది అక్క.

గదికి తాళం పడింది. తర్వాతి పంటలో ఎంత మందు కొట్టినా అన్న తోటలో పురుగు చావలేదు. కాయ కాయకీ కన్నమే. మొన్న అన్నే వచ్చి చెల్లెలి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాలుగు అట్టముక్కలేమైనా దొరుకుతాయా అమ్మా?"

అక్క ఖాళీ చేతులు చూపించింది.